రెండు వేళ్ళ తేడా

జూన్‌లో యూనిఫారాల కాలం.
కంచరపాలెం మెట్టు మీద నా మిషను
పొద్దుగూకినా ఆగదు.
మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు,
వీధి పిల్లల భుజాలన్నీ నాకు అంకెల్లో తెలుసు.

ఏ ఒళ్ళూ సమానంగా ఉండదు.
ఒక భుజం బొటనవేలంత దిగుతుంది,
ఒక చెయ్యి పొడుగు.
ఆ తేడాని గుడ్డలో దాచెయ్యడమే
మా అమ్మ నేర్పిన పని.

అందుకే
మౌక్తిక స్కర్టు కుడిపక్క రెండు వేళ్ళు పైకి లేస్తే
నేను గుంటని చూడలేదు,
స్కర్టుని చూశాను.
కుట్టు విప్పి, అంచు దించి, మళ్ళీ కుట్టాను.
దసరా సెలవులకి మళ్ళీ లేచింది.
మళ్ళీ దించాను.

నిటారుగా కూర్చోవే అని అరిచాను.
బ్యాగు బరువన్నారు టీచరమ్మ.
సెల్లు వంచేసిందన్నాడు మా ఆయన.
పక్కింటి ఎర్నమ్మ ఆముదం కాచి తెచ్చింది.
ఎక్స్‌రే మీద గీతలు గీసి, డిగ్రీలు లెక్కేసి
బెల్టు వెయ్యాలన్నాడొకాయన.
నొప్పెడతందా అని
ఒక్కరూ గుంటని అడగలేదు.

నొప్పి రాత్రి వచ్చేది.
రెండు గంటలకి
చీకట్లో లేచి కూర్చునేది.
ఏడవదు. గోడకి వీపు ఆనించి
యార్డులో గూడ్సు పెట్టెలు తగులుకునే చప్పుళ్ళు
లెక్కపెట్టుకునేది.
నా నడుంనొప్పికని కొన్న మాత్ర
సగం విరిచిస్తే
అరగంటలో నిద్రపోయేది.
మంచి మాత్ర, అనుకున్నాను.

కేజీహెచ్‌లో ఓపీ చీటీ, నూట పద్దెనిమిది.
డాక్టరమ్మ చిన్నది, చెప్పుల అంచున ఇసక.
నన్ను కాదు, గుంటనే అడిగింది.
"పగలెక్కువా, రాత్రెక్కువా?"
"రాత్రి."
"మాత్రేస్తే?"
"పోతాది."
ఆవిడ పెన్ను ఆగింది.

స్కానులో చూపించింది:
నడుం పూసలో కుడిపక్క
శనగబద్దంత మచ్చ.
కేన్సరు కాదంది.
నా మొహం చూసి రెండోసారీ అంది.
అది పాకేది కాదు, చంపేది కాదు,
కానీ దాని చుట్టూ కండలు
రాత్రీ పగలూ పిడికిలి బిగించాయి.
ఆ బిగింపుకే వెన్ను అటు లాక్కుపోయింది.

ఇది నాకు తెలిసిన సంగతే.
దారం ఒక్కచోట బిగిసిందంటే
మూరెడు గుడ్డ ముడుచుకుపోతుంది.
ఇస్త్రీ చేస్తే పోదు.
ఆ ఒక్క కుట్టూ వెతికి తెంపాలి.
ఇన్నాళ్ళూ
నేను ఇస్త్రీ చేశాను.

సూదితో కాల్చేస్తామన్నారు.
"సూదా?"
"సూదేనమ్మా. పొడుగుది. కొసన వేడి."
ఇరవై ఏళ్ళు సూది పట్టిన చెయ్యి
సంతకం దగ్గర వణికింది.

బయట బెంచీ మీద సబ్బవరం మనిషి
ఇడ్లీ పొట్లం విప్పి సగం నా వైపు జరిపాడు.
వాళ్ళబ్బాయిదీ ఇదే.
మూడేళ్ళు ఆలస్యంగా తెలిసింది.
నొప్పి పోయిందమ్మా, అన్నాడు,
వంపు ఉండిపోయింది.
ఆ తర్వాత ఇద్దరం మాట్లాడలేదు.
చట్నీ కారంగా ఉంది.

ఇంటికి తెచ్చిన రాత్రి రెండింటికి
నేను లేచి కూర్చున్నాను.
యార్డులో పెట్టెలు తగులుకున్నాయి.
ఒకటి, రెండు, ఏడు దాకా లెక్కపెట్టాను.
మౌక్తిక నోరు తెరుచుకుని నిద్రపోతోంది,
మాత్ర లేకుండా.

మార్చి నాటికి
స్కర్టు కుడిపక్క కిందికి వేలాడింది.
నేను దించిన అంచే.
"అమ్మా, వంకరగా కుట్టేవు."
అవునే, అన్నాను.
బ్లేడుతో విప్పుతుంటే
దారం ముక్కలు ఒళ్ళో రాలాయి.
గుడ్డ మీద సూది కన్నాలు రెండు వరసలు.
ఉతికితే ఒక వరస పోయింది.

మళ్ళీ జూన్.
టేపు పెట్టి, భుజం రాసుకుని,
వచ్చిన ప్రతి గుంటనీ ఒకటి అడుగుతున్నాను,
రాత్రుళ్ళు నిద్ర పడతందా అని.
నవ్వుతారు.
"జాకెట్టు కొలతకి నిద్రెందుకు, అత్తా?"